‘ఏందిరా ఇది?’ అని అడక్కుండా ఉండగలరా?

ప్రశ్న: మేడమ్, మాది కడప. మా బాబు ఐదో తరగతి. చిన్నప్పుడు కార్లు, కోళ్లు, వినాయకుడు అన్నీ వేసేవాడు. ఈ మధ్య కాగితం నిండా రంగులు పూసి వాటి మీద గీతలు గీస్తున్నాడు, కొన్నిచోట్ల గీకేస్తున్నాడు. ఏందిరా ఇది అంటే ‘ఏం కాదు, ఊరికే’ అంటాడు. మా అత్తగారు కాగితాలన్నీ పాడు చేస్తున్నాడని గొణుగుతారు. మా ఆయన ‘మోడర్న్ ఆర్ట్’ అని నవ్వుతారు. స్కూల్లో డ్రాయింగ్ నోటుబుక్కులో మాత్రం నీట్‌గానే వేస్తాడు. ఎండాకాలం సెలవుల్లో డ్రాయింగ్ క్లాసులో చేర్పిస్తే నాలుగు రోజులు పోయి మానేశాడు. దీన్ని ప్రోత్సహించాలా, మాన్పించాలా? ప్రోత్సహించాలంటే ఎలా? నాకు బొమ్మలు అస్సలు రావు. వాడు వేసినదాని గురించి వాడితో ఏం మాట్లాడాలో కూడా తెలియడం లేదు.
– ఒక తల్లి, కడప

సమాధానం: అమ్మా, మాన్పించకండి. ఆ మాట ముందే చెప్పేశాను కాబట్టి టెన్షన్ పక్కన పెట్టి మిగతాది నిదానంగా చదవండి.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది మీవాడి జవాబు. ‘ఏం కాదు, ఊరికే.’ పదేళ్ల పిల్లవాడు పెద్దవాళ్ల ముందు అంత నిజం చెప్పడం తక్కువ. మామూలుగా మనం అడగ్గానే పిల్లలు ఏదో ఒక పేరు మన చేతిలో పెట్టేస్తారు. ఇల్లంటారు, కొండంటారు, అడిగినవాళ్లు అక్కడితో వదిలేస్తారని. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, అదీ నా చేతులారా ఒక పిల్లవాడి పని చెడగొట్టాక.

అప్పట్లో నేను ఒక పల్లెటూరి హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. ఏడో తరగతి పిల్లవాడొకడు కాగితం మొత్తం మట్టిరంగు మందంగా పూసి, తడి ఆరకముందే తుమ్మముల్లుతో గీకుతూ కూర్చున్నాడు. గీతలన్నీ ఒకే వాలులో, దగ్గరదగ్గరగా, గాలివానలా ఉన్నాయి. ఒక మూలకి వచ్చేసరికి మాత్రం అవి పలచబడి, అరచెయ్యంత జాగా ఏమీ గీకకుండా మిగిలిపోయింది. నేను పక్కన నిలబడి ‘ఏమిరా ఇది?’ అన్నాను. వాడు లేచి నిలబడి, కాగితం వైపొకసారి నా వైపొకసారి చూసి, ‘కొండ మేడమ్’ అన్నాడు. ‘కొండైతే ఆకాశమేది, చెట్లేవి?’ అన్నాను. తర్వాతి వారం ఆకాశం వచ్చింది, చెట్లు వచ్చాయి. ఆ పై వారం ఇంకో కొండ, రెంటి మధ్య సూర్యుడు కూడా వచ్చాడు. ముల్లు మళ్లీ కనపడలేదు.

ఏడాది చివర్లో ఏదో మాటల సందర్భంలో వాడే చెప్పాడు. ‘ఆ పొద్దు గీకుతాంటే సౌండు బాగుండె మేడమ్. ఆ మూల కాడ సౌండు మారిపాయె, అందుకే ఇడిసిపెట్టినా.’ పోయి చూస్తే వాడు కూర్చునే బల్లకి సరిగ్గా అక్కడ చీలిక ఉంది. వాడు సౌండు వింటూ గీకుతుంటే, నేను మధ్యలో దూరి కొండ పుట్టించాను.

అందుకని మీకు నేను చెప్పగలిగిన అసలు సలహా ఇదొక్కటే: ‘ఇదేంది’ అని అడగడం మానేయండి. కింద రాసేదంతా ఆ ప్రశ్న మానేశాక ఏం చేయాలన్నదే.

వయసు గురించి ఒక మాట. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అని, ఆస్ట్రియా నుంచి అమెరికా వెళ్లి అక్కడ చిత్రకళ టీచర్లని తయారుచేసిన ఆయన, పిల్లల బొమ్మలు వయసుతో ఎలా మారతాయో 1947లోనే దశలు దశలుగా రాశాడు. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్యలో పిల్లలకి తాము వేసింది ‘నిజంగా ఉన్నట్టు’ లేదని తెలియడం మొదలవుతుంది. నేను క్లాసుల్లో చూసిందీ అదే. ఐదో తరగతిలో రబ్బరు పొడి మొదలవుతుంది. ఆరులో ‘నాకు రాదు మేడమ్’ మొదలవుతుంది. ఎనిమిదికొచ్చేసరికి క్లాసులో ఐదుగురు బొమ్మలేసేవాళ్లు, మిగతావాళ్లంతా వాళ్లని చూసేవాళ్లు. ‘నాకు బొమ్మలు అస్సలు రావు’ అని మీరు రాశారు చూడండి, మీరు కూడా ఆ వయసులోనే ఎక్కడో ఆపేసి ఉంటారు. మీవాడు ఆపలేదు. ఉన్నట్టు వేయడం కుదరని చోట ఇంకో దారి వెతుక్కున్నాడు. స్కూలు నోటుబుక్కులో నీట్‌గా వేస్తున్నాడంటే చేతకాక ఇలా చేయడం లేదన్నమాట. డ్రాయింగ్ క్లాసు మానేశాడని బాధ పడకండి. కాపీ చేయించే క్లాసైతే నేనైనా మానేసేదాన్ని.

ఇంతకీ ‘ఉన్నట్టు’ వేయడమంటే ఏమిటి? మీ వీధిలో ఏ పిల్లవాణ్ణయినా సీనరీ వేయమనండి. రెండు త్రికోణపు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందికి జారే నది, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు, పైన ఇంగ్లీషు ‘వీ’లు విసిరినట్టు పిట్టలు. మన పాలకొండల్లో ఏ కొండా అలా ఉండదు. పెన్నాలో ఏడాదిలో ఎక్కువ రోజులు కనపడేది ఇసకే. పిల్లలు ఆ బొమ్మని కొండనీ నదినీ చూసి వేయరు, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుని వేస్తారు, అక్షరాలు దిద్దినట్టు. తుమ్మముల్లుతో సౌండు విని గీకిన గీతలో అంతకంటే ఎక్కువ నిజం ఉందని ఇప్పుడు నా అభిప్రాయం.

ఇక మీ ఆయన సంగతి. రేపు పొద్దున ఆయన్ని పిలిచి మీ వాకిట్లో ముగ్గు చూపించండి. మెలికల ముగ్గైతే ఇంకా మంచిది. చుక్కలు పెట్టి, వాటిని తాకకుండా చుట్టూ తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చే గీత. అది ఏనుగా, ఎద్దా, ఏంది అని మన ఇళ్లలో ఎవరూ అడిగింది లేదు. బాగుందంటారు, లేకపోతే గీత వంకరపోయిందంటారు.  ఏ వస్తువునీ పోలని గీతని మెచ్చుకోవడం మనకి కొత్త కాదు, దాన్ని మగపిల్లవాడు కాగితం మీద వేస్తే మాత్రం నవ్వొస్తుంది.

ఆయన అప్పటికీ నవ్వితే సయ్యద్ హైదర్ రజా కథ చెప్పండి. 1922లో పుట్టి 2016లో పోయిన పెద్ద చిత్రకారుడు. మధ్యప్రదేశ్‌లో అడవుల మధ్య ఊళ్లో చదువుకునేటప్పుడు నిలకడగా కూర్చునేవాడు కాదట. బళ్లో అయ్యవారు గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నాడట. రజా 1950లో ఫ్రాన్స్ పోయి అరవై ఏళ్లు అక్కడే ఉన్నాడు. రకరకాల బొమ్మలేశాడు. యాభై దాటాక తిరిగి ఆ చుక్క దగ్గరికే వచ్చాడు. ‘బిందు’ అని ఆయన వేసిన గుండ్రటి నల్ల చుక్కల పెయింటింగులు ఇప్పుడు కోట్లలో అమ్ముడుపోతాయి. ఆ కోట్ల మాట మీ ఆయన కోసం రాశాను, పిల్లవాడికి చెప్పకండి.

ముగ్గుకీ మీవాడు చేసేదానికీ తేడా ఒకటుంది. ముగ్గుకి లెక్క ఉంటుంది. ఇన్ని చుక్కలు, ఇన్ని వరసలు, గీత కలిస్తే అయిపోయినట్టు. మీవాడి కాగితానికి ఆ లెక్క లేదు. ఎప్పుడైపోయిందో వాడే తేల్చుకోవాలి. ఈ రకం పనిలో కష్టమైనదీ, పిల్లలకి బాగా పనికొచ్చేదీ అదే. ఇంకొక్క పూత వేస్తే బాగుంటుందా, చెడుతుందా? చెడిపోతే ఏం చేయాలి? అక్కడ వాడు చేయి ఆపి కాగితాన్ని చూస్తూ కూర్చుంటాడు. బయటినుంచి చూసేవాళ్లకి ఊరికే కూర్చున్నట్టే ఉంటుంది. ఆ సమయంలో మాత్రం పాలు తాగమని పిలవకండి.

సామాన్ల విషయం త్వరగా చెప్పేస్తాను. ఇరవై నాలుగు రంగుల పెట్టె కొనకండి. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు పోస్టర్ కలర్లు నాలుగు సీసాలు చాలు, మిగతావి వాడే కలుపుకుంటాడు. ఒక్కోసారి రెండే రంగులిచ్చి చూడండి, పని ఇంకా ముదురుతుంది. కాగితాలు దండగ అన్న గొడవకి పాత క్యాలెండర్లు మందు. పెద్ద సైజు, వెనక తెల్లగా ఉంటుంది. నున్నటి రకం వద్దు, రంగు జారిపోతుంది. బ్రష్షుతో పాటు చీపురుపుల్ల, పాత టూత్‌బ్రష్, పాత దువ్వెన కూడా పక్కన పెట్టండి. మిద్దె మీద ఎర్రమన్ను, పొయ్యి బొగ్గు, వంటింట్లో పసుపు ఎటూ ఉంటాయి. పసుపు నీళ్లలో వక్కాకు సున్నం చిటికెడు పడితే ఎర్రబడుతుంది. దాన్ని చూసిన పిల్లవాడు ఆ పూటకి మిమ్మల్ని వదలడు. సున్నం చేతులు కాలుస్తుంది కాబట్టి మీరే కలపండి, కళ్ల దగ్గరికి పోనివ్వకండి. పసుపు రంగు ఎండకి వెలిసిపోతుంది, పోనీయండి. రబ్బరు మాత్రం ఇవ్వకండి.

‘నీ ఇష్టమొచ్చింది వేయి’ అనడం దయలాగా అనిపిస్తుంది గానీ పిల్లలకి అంత కష్టమైన మాట ఇంకోటి లేదు. తెల్ల కాగితం ముందు బిక్కమొహమేసి చివరికి సీనరీలోకే దిగుతారు. మీవాడికి ప్రస్తుతం ఆ ఇబ్బంది లేనట్టుంది. ఎప్పుడైనా తోచక కూర్చుంటే ఆకారం లేని దాన్ని అడగండి. కారం దోశ తిన్నాక నాలుక మీద మంట ఉంటుందే, అది వేయి. దోశ వేయకూడదు, మంటే వేయాలి. మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా బండ మీద కాలు పెట్టినప్పటి చురుకు. రాత్రి కరెంటు పోయి ఫ్యాను నెమ్మదిగా ఆగిపోయేటప్పటి చప్పుడు. మా క్లాసులో కారం దోశ అనగానే అందరూ ఎర్రరంగు మీద పడ్డారు. ఒక అమ్మాయి మాత్రం కాగితం తెల్లగానే వదిలి, నడిమధ్యన సన్నటి నీలం గీతలు దగ్గరదగ్గరగా వేసింది. మంచినీళ్లు తాగినాక మంట అట్లా ఉంటుందట.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది నాపబండ పని. కడపలో ఉండి దీన్ని వదులుకోవడం అన్యాయం. మనకి కాళ్ల కిందే ఉంది కాబట్టి లెక్కలేదు గానీ, కడప రాయి అని చెప్పి ఎక్కడెక్కడివాళ్లో కొనుక్కుపోతారు. పెరట్లోనో మిద్దె మీదో పాలిష్ లేని బండ ఒకటి చూసుకోండి. కసువు ఊడ్చి, చెంబెడు నీళ్లు బండ నడుమ పోయండి. బూడిదరంగు బండ తడిసినంత మేరా నల్లగా నిగనిగలాడుతుంది. పిల్లవాడి చేతికి సుద్దముక్క ఇచ్చి, తడి ఎక్కడ ఆగిందో ఆ అంచు వెంబడే, పొడి వైపున గీత గీయమనండి. తడి మీద సుద్ద పడదు. గీత చుట్టూ తిరిగి వచ్చేసరికి నీళ్లు ఇంకాస్త లోపలికి తగ్గి ఉంటాయి. మళ్లీ కొత్త అంచు వెంబడి ఇంకో గీత. అలా గీస్తూ పోతుంటే ఒక చోట తడి రెండు ముక్కలవుతుంది. అప్పుడు దేని వెంట పోవాలో వాడికే తెలియదు, ఒకదాన్ని గీసేలోపు రెండోది చిక్కిపోతుంది. బండలో కంటికి కనపడని గుంటలున్న చోట నీళ్లు చివరిదాకా నిలుస్తాయి. ఆఖరి చుక్క ఎగిరిపోయేసరికి బండ మీద గీత లోపల గీత, మెడలో పట్టెడలు వేసినట్టు వరసలు. అదే బండ మీద రేపు మళ్లీ పోసినా ఇదే రాదు. ఇందులో వాడు గీసేది కొంచెం, చూసేది ఎక్కువ. కాగితం మీద వేయమని తరవాత బలవంతం చేయకండి, వేస్తే వాడే వేస్తాడు.

గండికోట పోయినప్పుడు కూడా అంతే. ఫోటోలు అయ్యాక, రెండు చేతులతో కిటికీలా చేసి, అందులోంచి పెన్నా లోయ గోడల మీద రాతి పొరల్ని చూడమనండి. అంచు గోడ దగ్గరికి మాత్రం పోనివ్వకండి.

ఇప్పుడు మీరు ప్రత్యేకంగా అడిగినది, ఏం మాట్లాడాలి?

ముందు ఏమీ మాట్లాడకండి. కాగితం ఆరాక గోడకి ఆనించి, మీరిద్దరూ నాలుగడుగులు వెనక్కి వచ్చి కూర్చోండి. వేసేటప్పుడు కాగితం ముక్కు కింద ఉంటుంది, దూరం నుంచి వాడు దాన్ని చూడటం అదే మొదటిసారి. తర్వాత దాన్ని పక్కకి తిప్పి పెట్టండి, తలకిందులుగా పెట్టండి. కాండిన్‌స్కీ అనే రష్యన్ చిత్రకారుడు, ఏ వస్తువునీ పోలని బొమ్మలు వేసిన మొదటివాళ్లలో ఒకడు, మ్యూనిక్‌లో ఉన్నప్పుడు ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, మసక వెలుతురులో ఎంతో అందమైన బొమ్మ చూశాడట. అందులో ఏముందో తెలియలేదు. దగ్గరికి పోతే అది తన బొమ్మే, పక్కకి తిరిగి ఉంది! ఈ కథ పిల్లలకి బాగా నచ్చుతుంది. చెప్పాక మీవాడు వారం రోజులు ఇంట్లో క్యాలెండర్లన్నీ తిప్పి పెట్టవచ్చు, నా పూచీ లేదు.

వాడు నోరు విప్పాక మీరు అడగదగ్గవి ఉన్నాయి. ముందు ఏది వేశావు? ఈ నీలం ఎప్పుడు వచ్చింది? ఎక్కడ ఆపాలనిపించింది? ఏ మూల నీకు నచ్చలే? వీటన్నిటికీ వాడి దగ్గర నిజమైన జవాబుంటుంది, ఎందుకంటే అవి వాడు చేసిన పని గురించి. ఒక్క కూర్చోవడంలో అన్నీ అడక్కండి, రెండు చాలు. వాడు ‘తెలీదు’ అంటే అదీ జవాబే. ‘సూపర్’, ‘బాగుందిరా’ అన్న మాటలు కూడా కాస్త ఆపుకోండి. అవి వింటే పిల్లవాడికి ఇంక చెప్పడానికేమీ మిగలదు. దాని బదులు మీ కంటికి కనపడింది చెప్పండి: ‘పసుపు మీద నీలం పడిన కాడ ఆకుపచ్చగా అయింది, నేను ఇప్పుడే చూసినా.’ బొమ్మలు రానివాళ్లు కూడా ఈ మాట అనగలరు.

చివర్లో కాగితం వెనక తారీఖు, వాడు చెప్పిన రెండు మాటలు రాయించండి. వాడి మాటల్లోనే, తప్పులు దిద్దకుండా. పదిహేను రోజులు పరుపు కింద పెట్టి మళ్లీ తీసి చూడండి. ‘ఇది అయిపోలే’ అని కొన్నిటి మీద మళ్లీ కూర్చుంటాడు. కొన్నిటిని చూసి తనే ఆశ్చర్యపోతాడు. ఏడాదికి ఇరవై దాస్తే చాలు, ఏవి దాచాలో వాడినే ఏరమనండి.

మీరు కూడా పక్కన వేరే కాగితం వేసుకుని కూర్చోవచ్చు. కూర్చోండి కూడా. కానీ వాడి కాగితం మీద మాత్రం చేయి పెట్టకండి, ఒక్క చుక్కైనా. అత్తగారిని కూడా పిలవండి. ఆమెకి ఎన్ని మెలికల ముగ్గులు వచ్చో వాడిని లెక్కపెట్టమంటే కాగితాల గొడవ సగం చల్లారుతుంది.

వాడినడక్కుండా ఫ్యామిలీ గ్రూపులో ఫోటో పెట్టకండి. పెట్టిన నిమిషంలో పన్నెండు మంది బంధువులు అడిగేది ఆ ప్రశ్నే, ‘ఏంది ఇది?’ మనం ఇంట్లో మానుకున్నది ఫోన్లోంచి వస్తుంది.

నల్లరంగు ఎక్కువ వాడాడని బెంగ పెట్టుకోవద్దు. ఏ రంగుకి ఏ మనసు అని చెప్పే జాతకాలు చాలా తిరుగుతుంటాయి, నేను నమ్మను. చేతికి బొగ్గే ముందు దొరికిందేమో. పిల్లవాడు సరిగా తినకపోయినా, నిద్రపోకపోయినా, బడికి పోనని ఏడ్చినా అప్పుడు వాడితో కూర్చుని మాట్లాడాలి, టీచర్నో డాక్టర్నో అడగాలి. దానికి బొమ్మ సాక్ష్యం అక్కర్లేదు.

స్కూలుతో తగువు పెట్టుకోకండి. పంద్రాగస్టుకి జెండా, చెట్లు నాటండి, నీళ్లు కాపాడండి, అవి వేయమంటారు, వేయనివ్వండి. దస్తూరి బాగుండాలని కాపీ రాసినట్టు అదీ ఒక సాధన. ఇంట్లో కాగితానికి మార్కులు లేవని వాడికి తెలిస్తే చాలు.

నాపబండ పని చేసి చూసి నాకు మళ్లీ రాయండి. సాయంత్రం ఐదు దాటాక చేయండి. కడప ఎండలో మధ్యాహ్నం పోశారంటే వాడు సుద్దముక్క తెచ్చుకునేలోపే బండ ఆరిపోతుంది.